దిష్‌దాషాలో దాగే పిస్తోలు

మా అర్బాబ్, అంటే యజమాని, పిస్తోలు కొనే ముందు సలహా అడిగింది తుపాకులు తెలిసినవాణ్ణి కాదు, నన్ను. నేను దర్జీని. ఇబ్రా బజారులో ఆయన బట్టల దుకాణం వెనక గదిలో రెండు మెషీన్లు ఉండేవి. ఒకటి నాది, ఇంకోటి కడప నుంచి వచ్చిన భాయిది. ఒమానీలు వేసుకునే దిష్‌దాషాలు కుట్టడమే మా డ్యూటీ. మెడ నుంచి మడమల దాకా జారే తెల్లటి పొడుగు అంగీ అది. ముందు తెరుచుకోదు, కాలర్ ఉండదు, పలచటి బట్ట. లోపల ఏముందో చాలావరకు బయటికి చెప్పేస్తుంది.

తొంభైలు మొదలైన కొత్త. ఒక మధ్యాహ్నం దుకాణం షట్టరు దించాక ఆయన తువ్వాలలో చుట్టిన మూట తెచ్చి నా కటింగు బల్ల మీద విప్పాడు. మూడు పిస్తోళ్ళు!

"మాస్టర్, రోజూ ఒంటి మీద ఉండాలి. ఎవరికీ కనబడకూడదు. ఇందులో ఏది తీసుకోను?"

నేను రెండడుగులు వెనక్కి దూకాను. నవ్వకండి. మాది కరీంనగర్ వైపు. ఆ రోజుల్లో మా ఊళ్ళో తుపాకీ పట్టుకున్న మనిషి కనబడితే, ఏ వైపువాడైనా సరే, తలుపులు వేసుకునేవాళ్ళం.

"ముందు గుండ్లు తియ్యి అర్బాబ్, తర్వాత మాట్లాడదాం" అన్నాను. మా ఇద్దరి భాష సగం హిందీ, సగం అరబ్బీ. అందులో మర్యాదలు వెతుక్కోవద్దు.

"ఖాళీవే. లైసెన్సు కూడా ఉంది" అన్నాడు.

"ఉంటే ఉండనీ. గొట్టాలు గోడవైపు తిప్పు."

సంగతి నాకు తెలియనిది కాదు. తండ్రి పోయాక ఖర్జూరం తోట అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు గానీ, కాలువ నీటి వంతు దగ్గర తెగలేదు. ఒకరోజు కాలువ గట్టు మీద నలుగురూ చూస్తుండగా తమ్ముడు ఈయన మీదికి వచ్చి, "ఈ నీళ్ళలో నీ నెత్తురు కలుపుతా" అన్నాడట. అప్పటి నుంచి మా అర్బాబ్‌కు తిండి సహించడం లేదు. మనిషి సగమయ్యాడు.

"పెద్దమనుషుల్ని కూర్చోబెట్టు" అన్నాను.

"కూర్చోబెట్టాను. వాడు రాలేదు. నువ్వు కుడతావా, మస్కట్‌లో ఇంకొకణ్ణి చూసుకోమంటావా?"

ఆ మాటతో నాకు ఒళ్ళు మండింది. మస్కట్‌ వాడు కుట్టి నేను కుట్టలేనిది ఏముంది? ఆయన అన్నానికి వెళ్ళగానే కడప భాయి నా మీద పడ్డాడు.

"వద్దన్నా, కుట్టొద్దు. రేపేమన్నా జరిగితే పోలీసోళ్ళు మనల్ని గూడా ఈడ్చుకుపోతారు. మన పాస్‌పోర్టులు గూడా అర్బాబ్ కాడే ఉండాయి గదా!"

"నేను కుట్టకపోతె ఇంకోడు కుడ్తడు భాయ్. సగం కనబడేటట్టు కుడ్తడు. అది తమ్ముని కంట్ల పడ్డదనుకో, ఆయన గూడ ఒకటి తెచ్చుకుంటడు. ఇగ ఇద్దరిట్ల ఒక్కడే మిగుల్తడు. అది ఎవనికీ కనబడొద్దు. కనబడకుంట కుడ్త, నువ్వు సూస్తవుండు."

అంతే, పట్టు పట్టాను. ఆ పిస్తోలు తమ్ముడి కంట పడకపోతే కొన్నాళ్ళకు కోపాలు చల్లారతాయని, అది పెట్టెలోకి వెళ్ళిపోతుందని నా నమ్మకం. అన్నదమ్ముల ప్రాణాలు నా సూది మొన మీద ఉన్నాయనే అనుకున్నాను. కొంచెం ఎక్కువే అనుకున్నానేమో, అయినా అలా అనుకోకపోతే చెయ్యి సాగేది కాదు.

ముందు పెద్ద పిస్తోలు కట్టి చూశాను. దాని బరువుకు అంగీ ఒక పక్క కిందికి లాగి, రెండో పక్క అంచు మడమ పైకి లేచింది. ఆయనకు మాత్రం అదే నచ్చింది. రెండోది గుండ్రటి బొజ్జ ఉన్న రివాల్వరు. నడుములో టమాటా దాచుకున్నట్టు ఎత్తుగా కనబడింది. మూడోది చిన్నది, పలచటిది, అరచేతిలో ఇమిడిపోయేది.

"ఇది పిల్లలాడుకునేది" అని మూతి ముడిచాడు.

"నీకు ధైర్యం కావాలంటే పెద్దది తీసుకో. దాగేది కావాలంటే ఇదే. రెండూ కావాలంటే నా వల్ల కాదు" అని తెగేసి చెప్పాను. గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు.

అసలు చిక్కు తర్వాత మొదలైంది. దాచడం సరే, తియ్యడం ఎలా? బజారు మధ్యలో అంగీ నడుము దాకా ఎత్తుకోలేడు కదా! అందుకని కుడిజేబు అడుగు కత్తిరించి దారి చేశాను. చెయ్యి జేబులో పెడితే నేరుగా లోపలి లుంగీ మీద కట్టిన గుడ్డసంచి తగలాలి. నిలబడితే బాగానే ఉంది. చాప మీద కూర్చోగానే పిడి తొడ మీదికి పొడుచుకొచ్చింది. విప్పి మళ్ళీ కుట్టాను. నమాజులో వంగినట్టు వంగమన్నాను. నమాజు నీ కొలతల కోసం కాదని కసిరాడు, అయినా వంగాడు. సంచి జారి పొట్ట కిందికొచ్చింది. మళ్ళీ విప్పాను. వెడల్పాటి పట్టీ వేసి, సంచికి మూత పెట్టి, రెండు వరసలు కుట్టు వేశాను. వేళ్ళు పొక్కిపోయాయి. ఈసారి నిలబడినా, కూర్చున్నా, వంగినా అది కదల్లేదు. ఎండలోకి తీసుకెళ్ళి నిలబెట్టాను. భాయి చుట్టూ తిరిగి చూసి, "యాడుందన్నా అది?" అన్నాడు. నా సంబరం చూడాలి!

శుక్రవారం అర్బాబ్ మసీదుకు దాన్ని కట్టుకునే బయల్దేరాడు.

"అక్కడికి కూడా ఎందుకు?" అన్నాను.

"వాడూ అక్కడికే వస్తాడు" అన్నాడు.

భాయి కూడా నమాజుకు వెళ్ళాడు. నేను ఇస్త్రీ ముందు పెట్టుకున్నాను గానీ మనసు దాని మీద లేదు. ఎంతసేపటికో భాయి రొప్పుతూ వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు.

"అయిపోయిందన్నా. తమ్మునికి తెల్సిపోయింది."

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేశాను. "కనబడ్డదా?"

"కనబళ్ళేదు, తగిలింది. వరసలో అర్బాబ్ కుడిపక్క ఖాళీ ఉండె. ఆలస్యంగా వచ్చి తమ్ముడే దాంట్లో నిలబడినాడు. నేను ఎనకాల వరసలో ఉండా."

నమాజులో భుజానికి భుజం ఆనించి నిలబడతారు. వరసలో ఖాళీ ఉంటే ఎవరి పక్కన అని చూడరు, నింపేస్తారు. నాకేం తెలుసు! మేం గుడికి వెళితే ఎవరి దండం వాళ్ళు పెట్టుకుని వచ్చేస్తాం. నేను ఆయన్ను నిలబెట్టి చూశాను, కూర్చోబెట్టి చూశాను, వంచి చూశాను, అన్నీ ఒంటరిగానే. పక్కన ఆనుకుని ఇంకో మనిషి ఉంటాడన్నది నా కొలతల్లోకి రానే లేదు. రోజూ నమాజు చేసే భాయికీ తట్టలేదు.

"తగలంగానే తమ్ముడు ఉలిక్కిపడినాడు. అయినా నమాజు ఇడ్సలేదు. ఆఖర్న కుడిపక్కకు మొగం తిప్పి నీకు శాంతి అనాల గదా? అర్బాబ్ తిప్పినాడు. తమ్ముడు తిప్పలేదు, ఈయన్నే చూస్తా ఉండాడు. ఎదురుగా తమ్ముని మొగం!"

"ఏమన్నడు?"

"'నా కోసమేనా?' అన్యాడు. 'బాగా దాచినావు. ఊర్లో ఎవురికీ తెలీదు. నీకు ఇంత దగ్గరగా నిలబడేవానికే తెలుస్తాది' అన్యాడు. అంతే, తమ్ముని కండ్లల్లో నీళ్ళు."

ఇంతలో అర్బాబ్ వచ్చాడు. జేబులో చెయ్యి పెట్టి, పిస్తోలు తీసి నా కత్తెర పక్కన పెట్టాడు. గుండ్లు తీశాడు.

"ఆ చిల్లు మూసెయ్ మాస్టర్. ఇప్పుడే."

"తమ్ముడు?"

"బయట బండిలో ఉన్నాడు. కాలువ దగ్గరికి వెళ్తున్నాం. ఈ చిల్లుతో వాడి పక్కన కూర్చోలేను."

అంగీ విప్పమన్నాను, వినలేదు. ఆయన ఒంటి మీద ఉండగానే మోకాళ్ళ మీద కూర్చుని, సూదిలో దారం ఎక్కించి, జేబు అడుగు మూసి కుట్టాను.