ఎనుములు తొక్కిన మూల

బళ్ళారి సత్యనారాయణపేటలో మా ఇంటి వెనక కోడలు తామరలు పెంచే చిన్న కుంటలో ఈ ఎండలకు నీళ్లు అడుగంటుతున్నాయి. పాచి, కుళ్లిన ఆకు, కాగిన మట్టి కలిసిన వాసన వంటింటి దాకా వస్తోంది. ఆ వాసనకు చేతిలోని చాట కింద పెట్టాను.

"పనామె బకెట్లకు నింపుకోని పోతాందేమో అత్తా," అంది కోడలు.

బళ్ళారికి ఆవల, నల్లరేగడి నేలల్లో నేను పుట్టిన ఊరు. పెరట్లో పెద్ద కుంట, దాని గట్టున వంగ, మిరప మడులు, వానాకాలమంతా కప్పల గోల, ఉగాది నాడు పెనం మీద కాలే బక్ష్యాల పొగ. మా నాయన తల్లి, మా అవ్వ, ముఖం కడిగిన నీళ్లు కూడా మిరప మొదట్లోనే పడాలనేది. ఆ పొదుపే నాకూ అబ్బింది. ఎండాకాలం మధ్యాహ్నాలు మేము గట్టున అచ్చనగాయలు ఆడుతుంటే, ఎదురింటి హనుమక్క గేదెలు, మా వైపు ఎనుములంటాము, కుంటలో దిగి కొమ్ములు మాత్రం పైకి పెట్టి పడుకునేవి. అవి లేచి పోయేటప్పుడు ఒంటి నుంచి కారే బురదనీళ్లు చూస్తే అవ్వకు ప్రాణం ఉసూరుమనేది.

"ఒక్కొక్కటి వీపు మీద బిందెడు మోసకపోతాండాది చూడు."

వానలు సరిగా పడని ఒక ఏడాది అవ్వ ముళ్లకంప తెచ్చి ఎనుముల దారి మూసేసింది. నీళ్లు మిగలడం పోయి, ఇంకా తొందరగా తగ్గాయి. హనుమక్కే తోడుకుంటోందని అవ్వ తీర్మానించుకొని, వీధిలో అందరి ముందర నిలదీసింది.

"మా కుంట నీళ్లు నీ తొట్టిలోకి యాడనుంచి వచ్చినాయే?"

"నీ కుంటను కొంగున కట్టుకోని పోయేకి నేనేం మంత్రగత్తెనా పెద్దమ్మా? ఇవి ఊరబావి నీళ్లు."

అందరూ నవ్వారు. హనుమక్క నవ్వలేదు. ఆ వారమే ఎనుములను సంతకు తోలింది.

తర్వాత కుంట ఎండింది. నా చెయ్యి మోచేతి దాకా పట్టేంత నెర్రెలు. ఎనుములు రోజూ పొర్లిన మూలలో మాత్రం, గిట్టల గుంటల్లో నీళ్లు నిలిచే ఉన్నాయి. అవ్వ అక్కడే నిలబడిపోయింది.

"అవి తొక్కి తొక్కి అడుగును మెత్తినట్ల చేసినాయమ్మా. మిగతాదంతా నెర్రెలిచ్చి నీళ్లు దిగిపోయినాయి," అన్నాడు నాయన.

అవ్వ ముళ్లకంప తానే తీసేసి, నన్ను వెంటబెట్టుకొని హనుమక్క ఇంటికి పోయింది. కొట్టంలో గూటానికి పలుపుతాళ్లు మాత్రం ఉన్నాయి.

"నీళ్లు తాగుతావా పెద్దమ్మా?" అని హనుమక్క చెంబు నిండా తెచ్చి ఇచ్చింది. అవ్వ చుక్క కింద పడకుండా తాగింది. నేను ఆమె కొంగు పట్టుకొని నేల చూస్తూ నిలబడ్డాను. మా ఇంటి పొదుపును ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఇప్పటికీ ఆ చెంబే కళ్ల ముందుకొస్తుంది.

ఆ కుంటను పూడ్చి ఇళ్లు కట్టారు. ఎనుములు తిరిగే వీధులు ఇక్కడ లేవు. నేను లేచి పెరటి గుమ్మం దాకా పోయి కోడలిని పిలిచాను.

"ఆమెను ఏమీ అడగొద్దుమ్మా. ముందు కుంట అడుగు చూడు."

పెరట్లో గిన్నెలు తోముతున్న పనామె కుళాయి కట్టేసింది. మా మాటలు వినబడ్డాయో, పనే అయిపోయిందో, అడగడానికి నాకు ముఖం చెల్లలేదు.