గీత గీశాకే కత్తెర

పాతికేళ్ళ కిందట తన చేత్తో కుట్టిన కోటు మళ్ళీ తన బల్ల మీదికే వస్తుందని టైలర్ పెద్దమ్మ అనుకోలేదు. తెచ్చింది చెల్లెలి కూతురు.

"నాన్నకి వదులైపోయింది పెద్దమ్మా. రెండు పక్కలా కాస్త లోపలికి పట్టాలట. కొత్తది కుట్టిద్దామంటే వినడు," అంటూ స్టూలు లాక్కుని, చిన్నప్పుడు కూర్చున్న చోటే, మిషను పక్కన కూర్చుంది.

పెద్దమ్మ కళ్ళజోడు సర్దుకుని కుట్లు తిరగేసి చూసింది. ఎక్కడా ఒక్క దారం ఊడలేదు. లోలోపల మురిసిపోయింది. ఆ వెంటనే ఆ రోజులన్నీ కళ్ళ ముందుకొచ్చాయి.

అప్పట్లో వీధిలో ఎవరూ ఈ పిల్లని పేరుతో పిలిచేవారు కాదు. కత్తెరపిల్ల అనేవారు. ఏడేళ్ళది. తమ్ముడు పుట్టేదాకా నోట్లో నాలుక లేనట్టుండేది. వాడికి మూడో నెల వచ్చేసరికి ఇంట్లో కర్టెన్ల కుచ్చులు తెగిపోయాయి. తర్వాత తన జడ సగానికి కోసుకుంది. ఆ తర్వాత తమ్ముడి టోపీ తాళ్ళు. కత్తెర చూస్తే చెయ్యాగని పిల్లని తెచ్చి టైలరు కొట్లో కూర్చోబెట్టారంటే వాళ్ళ తెలివికి దండం పెట్టాలి. కానీ ఏం చేస్తారు? తల్లి ఆసుపత్రిలో నర్సు, డ్యూటీ ఎప్పుడు పడితే అప్పుడు. తండ్రి బస్సు డ్రైవరు. చంటివాణ్ణి పక్కింటావిడ చూసేది. బడి వదిలాక పిల్లకి పెద్దమ్మ కొట్టు తప్ప వేరే దిక్కు లేదు.

తండ్రికి కోపం ముక్కు మీదే ఉండేది. కొట్టాడు, మోకాళ్ళ మీద నిలబెట్టాడు, అన్నం పెట్టొద్దన్నాడు. దెబ్బ తిన్న మర్నాడే ఇంకోటి తెగేది. చివరికి ఎక్కడో దూరాన ఉన్న హాస్టలు కాగితాలు తెచ్చి, నింపి, సంతకం పెట్టి బీరువాలో పెట్టాడు.

"ఇంకొక్కటి కోసిందా, ఒక్కటంటే ఒక్కటి, పంపించేస్తాను వదినగారూ. మీరు కూడా అడ్డం రాకండి," అన్నాడు.

పెద్దమ్మకి పిల్లల్లేరు. పిల్లల పెంపకం నీకేం తెలుసక్కా అని చెల్లెలు ఒకసారి మొహం మీదే అంది. నిజమే, తెలియదు. తెలిసిందల్లా ఈ పిల్ల సాయంత్రం గుమ్మంలో పుస్తకాల సంచీ పడేసిన చప్పుడు వింటే ప్రాణం లేచొస్తుందని.

అలాంటిది, ఆ పిల్లని తనే కొట్టింది. బడి యూనిఫారం ఫ్రాకు కోసం వచ్చినావిడ, ఆ రోజు పక్కింటావిడ లేక కొట్లోనే ఉంచిన చంటి తమ్ముణ్ణి చూసి ముద్దులాడి, ముద్దులాడి, పిల్ల వంక చూడనైనా చూడకుండా వెళ్ళింది. పెద్దమ్మ వెనక్కి తిరిగేసరికి ఆ ఫ్రాకు కాలరు రెండు ముక్కలై ఉంది. వీపు మీద ఒక్కటేసింది. ఆ ఉడుకులోనే మిగిలిన గుడ్డ పరిచి, మళ్ళీ మొదలుపెడదామని చకచకా ఫ్రాకు చేతులు కోసేసింది. కోశాక చూసుకుంటే రెండూ ఎడమ చేతులే. ముప్ఫై ఏళ్ళ పనిలో అంత తెలివితక్కువ పని ఎన్నడూ చెయ్యలేదు. ఏడవాలో నవ్వాలో తెలియక కూలబడి నవ్వింది.

బల్ల కింద ముడుచుకున్న పిల్ల మెల్లగా బయటికొచ్చింది. "ఏమైంది పెద్దమ్మా?"

"రెండు ఎడమ చేతులున్న పిల్ల ఎక్కడైనా ఉంటే చూసి పెట్టవే. ఈ ఫ్రాకు ఆ పిల్లకే సరిపోతుంది."

"ఎందుకలా కోశావు?"

"కోపంలో కోశాను. గీత గియ్యకుండా కోశాను."

పిల్ల ఆ రెండు చేతుల ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చూసింది. తర్వాత, "నేనూ కోపంలోనే కోస్తాను," అంది.

ఇన్ని నెలలుగా ఎన్ని దెబ్బలు తిన్నా ఆ మాట దాని నోట రాలేదు. పెద్దమ్మ దాని వీపు నిమిరింది. "కొట్టడం కూడా గీత గియ్యకుండా చేసిన పనే. తప్పు నాదే అమ్మడూ."

ఆ సాయంత్రం ఆమె కత్తెరలు దాచలేదు. పిల్ల గౌనుకి చిన్న జేబు కుట్టి, అందులో బట్టల మీద గీసే సుద్దముక్క ఒకటి వేసింది.

"కొయ్యాలనిపిస్తే ముందు గీత గియ్యి. గీసి కూర్చో. అప్పటికీ కొయ్యాలనిపిస్తే నన్ను పిలువు. పాతగుడ్డలు బోలెడున్నాయి, ఇద్దరం కలిసి కోద్దాం."

అంతటితో పిల్ల బంగారమైపోయిందని చెబితే నమ్మకండి. రెండో వారంలోనే గీత గీసి మరీ దిండు గలీబు కోసింది. అది పెద్దమ్మ ఇంటిదే కనక ఆ సంగతి ఇల్లు దాటలేదు. పెద్దమ్మ తిట్టలేదు. సూది, దారం ఇచ్చి పక్కన కూర్చోబెట్టుకుని, కోసినంత మేరా దాని చేతే కుట్టించింది. మూడు సాయంత్రాలు పట్టింది.

అంతలో తండ్రికి బస్సు డిపోలోనే ఇన్‌స్పెక్టరు ఉద్యోగం వచ్చింది. ముదురు నీలం గుడ్డ తెచ్చి కోటు కుట్టమన్నాడు. అది వేసుకుని ఆదివారం స్టూడియోలో ఫొటో తీయించుకుంటారట, ఆలుమగలూ చంటివాడూ. "దాన్ని మీ దగ్గరే ఉంచండి వదినగారూ. అక్కడ ఏం కోసి తలవంపులు తెస్తుందో," అన్నాడు. పిల్ల అక్కడే నిలబడి ఉంది.

ఆదివారం పొద్దున్న పెద్దమ్మ చివరి గుండీ కోసం పక్క వీధికి వెళ్ళొచ్చేసరికి కోటు బల్ల మీద పరిచి ఉంది. పెద్ద కత్తెర తెరిచి ఉంది. పిల్ల బల్ల కింద ఉంది. కోటు దాకా చేరేలోపే మరిది గుమ్మంలోకి వచ్చాడు.

కోటు నిండా తెల్లటి గీతలు. వీపు మీద, చేతుల మీద, కాలరు మీద అడ్డదిడ్డంగా, బలంగా అదిమి గీసినవి. అతని చెయ్యి లేచింది.

పెద్దమ్మ మధ్యలో నిలబడింది. "ముందు కోటు చూడండి మరిదిగారూ. కొయ్యాలనిపిస్తే గీత గీసి ఆగమన్నది నేనే. కోత ఒక్కటుంటే మీ ఇష్టమొచ్చినట్టు చెయ్యండి."

అతను కోటు వెలుతురులోకి పట్టుకెళ్ళాడు. ముందూ వెనకా తిప్పాడు, చేతుల్లో చెయ్యి దూర్చి చూశాడు. ఒక్క పోగు తెగలేదు. స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇన్నిసార్లు కొయ్యాలనిపించిందా?" అని బల్ల కిందికి వంగి అడిగాడు.

"ఇంకా అనిపించింది. సుద్ద అయిపోయింది."

పెద్దమ్మ బ్రష్షుతో గీతలన్నీ దులిపి, గుండీ కుట్టి ఇచ్చింది. అతను కోటు తొడుక్కుని పిల్ల చెయ్యి పట్టుకుని, "పద, ఫొటోకి టైమవుతోంది," అన్నాడు. గుమ్మం దిగబోతూ వెనక్కి తిరిగి, "వదినగారూ, నాకూ ఓ సుద్దముక్క ఇవ్వండి," అన్నాడు. వేళాకోళమనుకుంది పెద్దమ్మ. అయినా డబ్బాలోంచి నీలం ముక్క తీసిచ్చింది. హాస్టలు కాగితాల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇదంతా తలుచుకుంటూనే పెద్దమ్మ అలవాటు కొద్దీ కోటు జేబులు వెతికింది. కత్తెర పట్టేముందు జేబులు చూడకపోతే ఆమెకి తోచదు. లోపలి జేబులో వేలికి ఏదో తగిలింది. నీలం సుద్ద. అరిగి అరిగి గోరంతయింది.

పిల్ల చూసి నవ్వింది. "మొన్న ఇల్లు మారేటప్పుడు బీరువా జరిపితే వెనక గోడ నిండా నీలం గీతలే పెద్దమ్మా. చిన్నప్పుడు నువ్వే గీసి ఉంటావన్నాడు తమ్ముడు. నా సుద్ద ఎప్పుడూ తెల్లదే కదా. నాన్న ఒక్క మాటా అనకుండా తడిగుడ్డ తెచ్చి తుడిచేశాడు." కోటు చెయ్యి సవరిస్తూ అంది, "ఆ ఆదివారం తర్వాత నా మీద చెయ్యెత్తలేదు."

పెద్దమ్మ సుద్దముక్కని మళ్ళీ ఆ జేబులోనే వేసింది. కోటు పరిచి, డబ్బాలోంచి తెల్ల సుద్ద తీసి పిల్ల చేతికిచ్చింది.

"కళ్ళు మసకేస్తున్నాయి అమ్మడూ. గీత నువ్వే గియ్యి."