తాపీ వంకాయ

ఏళ్లుగా ఒక బరువు మోస్తున్నాను. సముద్రతీరం, విదేశీయులు, నమ్మకద్రోహం, ఒక మనిషి పతనం, అన్నీ ఉన్న ఇతిహాసం ఇది. కూర్చుని వినండి.

అబద్ధం. ఇది కూరగాయలూ చేపా కూరిన మైదా గొట్టాల కథ. ద్రోహం మాత్రం ఉంది.

ప్లేగు భయంతో సగం సూరత్ ఖాళీ అయిన మరుసటి ఏడు, ఆ పక్కనే సముద్రం ఒడ్డున హజీరాలో ఒక కంపెనీ గెస్ట్‌హౌస్‌లో నేను వంటవాణ్ణి. మిషన్లు బిగించడానికి వచ్చిన ఇటలీ ఇంజనీర్లు ఆ గొట్టాలు వెంట తెచ్చుకున్నారు. వాటిని ఉడికించి, ముళ్లు తీసిన చేప, క్యారెట్, బీన్స్ కూరి, పైన పాలసాస్ పోసి, చీజ్ తురిమి ఓవెన్‌లో పెట్టాలి. శాకాహారులకైతే చేప బదులు వంకాయ.

వడ్డించేది మల్లన్న. మా కరీంనగర్ దిక్కువాడే. నన్ను అక్కడ పనిలో పెట్టించింది కూడా అతనే. సగం వయసు మగ్గాల మోతలో గడిపి చెవులు చాలావరకు పోగొట్టుకున్నాడు. మనిషి పెదాలు చూసి మాట పట్టుకునేవాడు. తెలిస్తే నౌకరీ పోతుందని అందరి దగ్గరా దాచాడు, నా దగ్గర తప్ప.

“గివేందిరా, నూలు కండెల లెక్క ఉన్నయ్?” అన్నాడు గొట్టాలు చూసి.

“తినేటియే అన్నా. మగ్గానికి ఎక్కియ్యకు.”

చేపను నేను ‘తాపీ వంకాయ’ అనేవాణ్ణి. తాపీ నదిలో కాసే వంకాయ అని. ఆ జోకుకు నవ్వేది నేనూ, నన్ను చూసి మల్లన్నా.

ఒకరోజు చీజ్ ఎర్రగా కాలాక చేప ట్రే, వంకాయ ట్రే రెండూ ఒకేలా ఉన్నాయి. చేప ట్రే అతని పక్కన పెట్టి, “అన్నా, గిది తాపీ వంకాయ” అన్నాను. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతోంది. అతను అటు తిరిగి ప్లేట్లు తుడుస్తున్నాడు. అంటే నేను ఒక వీపుకు జోకు చెప్పాను. మల్లన్న చెవిన పడింది చివరి మాటే. వంకాయ.

మేనేజర్ తల్లి ఆ రోజు భోజనానికి వచ్చారు. అందరం ‘బా’, అంటే అమ్మ, అనేవాళ్లం. పుట్టి బుద్ధెరిగాక నీసు ముట్టని మనిషి. బాగుందని మళ్లీ పెట్టించుకున్నారు. అప్పుడు ముల్లు తగిలింది. దాన్ని తీసి ప్లేటు అంచున పెట్టి, “ఆ శూం ఛే?” అన్నారు, ఇదేమిటని. ఆమె లేచి వాష్‌బేసిన్ దగ్గరకు వెళ్లారు. కుళాయి చాలాసేపు పారింది.

మేనేజర్ వంటగదిలోకి వచ్చాడు. అతను అడగకముందే హిందీలో చెప్పేశాను: చేప అని స్పష్టంగా చెప్పాను సాబ్, ఈయనకు వినబడదు.

మొదటిది అబద్ధం. రెండోది నిజం. మల్లన్న ఉద్యోగం తీసింది ఆ నిజమే.

మేనేజర్ వెళ్లాక మల్లన్న నా పెదాలే చూస్తూ అడిగాడు. “చేప అన్నవారా నువ్వు?”

“అన్ననే. నువ్వు ఇన్లే.”

“గట్లనా.” చేతిలో గుడ్డ మడతపెట్టాడు. “నా చెవులదే తప్పైతే నువ్వేం జేస్తవ్ తియ్యి. జర పైలం రా. ఎవలన్న అడిగితే నా పేరే చెప్పు.”

అప్పుడైనా నోరు తెరవాల్సింది. ఎందుకు తెరవలేదు? భయమా? భయమైతే గుండె కొట్టుకోవాలి కదా, కొట్టుకోలేదు. ఏ మాటకైనా ఎదురు జోకు సిద్ధంగా ఉండే నాకు, ‘లేదన్నా, నేను చేప అనలేదు’ అనే నాలుగు మాటలు ఎందుకు దొరకలేదో, దొరికీ వాటిని ఎందుకు మింగానో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. అతను వెళ్లాక ట్రేలు కడిగాను. చీజ్ మూలల్లో మాడి అంటుకుపోయింది. దాన్ని ఎలా గీకాలా అన్నదొక్కటే ఆలోచించాను.

మల్లన్న మళ్లీ మగ్గాల్లో చేరాడు. మిగిలిన కాస్త వినికిడినీ అక్కడే పెట్టాడు.

మీరు నన్ను క్షమించాలని ఇదంతా చెప్పలేదు. ఆ హక్కున్న మనిషి మీరు కాదు. నేను చేప అనలేదు. వంకాయ అన్నాను. ఈ మాట బయటికి అనడం ఇదే మొదటిసారి. ఛాతీలో ఏదో కొంచెం సర్దుకున్నట్టుంది, అంతే.

మల్లన్న ఇప్పుడు సూరత్‌లోనే నవాగామ్‌లో ఉంటున్నాడట. హజీరా నుంచి అక్కడికి నేరుగా బస్సు లేదు. స్టేషన్ దగ్గర మారాలి.