నర్సమ్మగారికి మనం చూపించిన దారి

మన వీధిలో నర్సమ్మగారిని వీధి గుమ్మంలోంచి రానిచ్చిన ఇల్లు ఒక్కటి కూడా లేదు. ఆరేళ్ళుగా ఈ మాట నా కడుపులో కుళ్ళుతోంది. ఇప్పుడు కక్కుతున్నాను, ఎందుకంటే మొన్న మంగళవారం ఆవిడ పోయారు. గుండెపోటు. అల్లవరం దగ్గర వాళ్ళింట్లోనే, పొద్దున్న రోగుల ఇళ్ళకి బయల్దేరడానికి సంచి సర్దుకుంటూ కూలిపోయారట. ఆ రోజు మొదటి ఇల్లు మాదే. తొమ్మిది దాటినా రాలేదేమని ఇక్కడ నేను విసుక్కుంటున్నాను.

మా ఇంటిదానికి పక్షవాతం వచ్చి, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చి మంచం మీద వేసినప్పటి నుంచి నర్సమ్మగారే చూశారు. వారానికి మూడు రోజులు. ముందు రోగిని చూడరు, ఇల్లు చూస్తారు. బాత్రూం గచ్చు జారుతుందా, మంచం ఎత్తెంత, మంచినీళ్ళు చేతికందుతాయా. "ఆసుపత్రిలో రోగి మన మాట వింటాడండీ. ఇంటికొస్తే మనమే ఆ ఇంటి మాట వినాలి" అనేవారు.

రెండో రోజే నాతో పేచీ.

"రెండు గంటలకోసారి అమ్మగారిని పక్కకి తిప్పాలండీ. మీరే తిప్పాలి."

"నేనా? కోడలు లేదా?"

"కోడలుగారిది నడుమేనండీ, ఇనప గునపం కాదు. మీ చేతులు ఖాళీగానే ఉన్నాయి కదా?"

నా మొహం మీద అలా అన్న మనిషి ఊళ్ళో ఇంకొకరు లేరు. కోపంతోనే నేర్చుకున్నాను. వీపు కింద ఒక చెయ్యి, తొడ కింద ఒక చెయ్యి. ఈ రోజుకీ మా ఇంటిదాని వీపు మీద ఒక్క పుండు లేదు. "పుండు పక్క మీద పుట్టదండీ, మన బద్ధకంలో పుడతది." ఇదీ ఆవిడ మాటే.

అలాంటి మనిషిని పెరటి వైపు నుంచి రమ్మన్నాం. పుళ్ళూ రక్తం ముట్టుకుని వస్తారు, వీధి గుమ్మానికి ఎదురుగా దేవుడి గది ఉంది అన్నాం. అసలు కారణం ఇంకొకటి. అది అందరికీ తెలుసు, ఎవరూ అనరు. నేనూ అనలేదు.

ఒక వానాకాలం మా పెరటి దారిలో పాచి మీద జారిపడ్డారు. సంచి మాత్రం నేలకి తగలకుండా ఎత్తి పట్టుకున్నారు. మోచెయ్యి చీరుకుపోయింది. అప్పుడైనా రేపటి నుంచి వీధిలోంచి రండి అన్నానా? లేదు. మనిషిని పెట్టి పాచి గీకించాను. అదీ నా పెద్దరికం. మర్నాడు చూసి, "శుభ్రంగా గీకించేరండీ" అన్నారు. నవ్వారో లేదో నేను తలెత్తి చూడలేదు.

పోయారని తెలిసి వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళబ్బాయి ఏడుస్తూనే ఎదురొచ్చి, "రండి బాబుగారూ, లోపలికి రండి" అని వీధి గుమ్మంలోంచే తీసుకెళ్ళి కుర్చీ వేశాడు. ఆ కుర్చీలో కూర్చోవడం నా వల్ల కాలేదు.

మా మనవరాలు నర్సింగు చదివింది. నెల రోజులు ఆవిడ వెంట ఇళ్ళకి తిరిగింది. ఈ పని కష్టమేనా ఆంటీ అని అడిగితే, "ఆయ్, కష్టమేనమ్మా. పక్కన డాక్టరుగారుండరు, చూసినదేమిటో నువ్వే తేల్చుకోవాలి. కానీ మంచం పట్టిన మనిషి సొంత ఇంట్లో లేచి నిలబడతాడు చూడు, అది ఆసుపత్రి వాళ్ళకి కనపడదు" అన్నారట.

ఇప్పుడు ఆవిణ్ణి ఇళ్ళకి పంపిన అమలాపురం ఆఫీసు వాళ్ళు ఆవిడ చూసే ఇళ్ళన్నీ మనవరాలిని తీసుకోమంటున్నారు. మస్కట్‌లో ఆసుపత్రి ఉద్యోగం కూడా సిద్ధంగా ఉంది. పిల్లకి ఈ పని మీదే మనసు.

"చేరు. నా మనవరాలివి, నిన్ను ఎవరైనా వీధి గుమ్మంలోంచే రమ్మంటారు" అన్నాను.

"మరి ఆంటీని ఎందుకు రమ్మనలేదు తాతయ్యా? పుళ్ళే కారణమైతే నేనూ వాటినే ముట్టుకుంటాను కదా. నాకు తీసే తలుపు ఆవిడకి ఎందుకు తియ్యలేదో చెప్తే అప్పుడు చేరతాను. లేకపోతే మస్కట్ పోతాను."

డెబ్భై ఎనిమిదేళ్ళ వాణ్ణి, లేచి కాగితం, కలం వెతుక్కున్నాను.

మన వీధిలో మంచం పట్టినవాళ్ళు మా ఇంటిదానితో కలిపి నలుగురు. పిల్ల ఆఫీసుకి సోమవారం జవాబు చెప్పాలి. అందుకే ఈ కాగితం ఇంటింటికీ పంపుతున్నాను. ఆదివారం సాయంత్రం ఐదు లోపు మా ఇంటికి రండి. నా మనవరాలి ఎదుట నిలబడి, ఆ కారణం ఏమిటో నోరు తెరిచి చెప్పండి. ముందు నేను చెప్తాను. తర్వాత మీరు.