సిస్టరమ్మ గారి పికప్పు, నా పుట్టీ

నాకూ చదువుకూ పడటం లేదని గ్రహించి, ఏడో తరగతిలో హెడ్మాస్టరు గారే పెద్దమనిషిగా కూర్చుని మాకు విడాకులు ఇప్పించారు. మా నాన్న నన్ను తను చేసే ఫ్యాక్టరీలో పెట్టించాలని చూశాడు. ఆయన శ్రీకాకుళం వదిలి రాయపూర్ వచ్చిందే ఆ ఫ్యాక్టరీ కోసం. కానీ అక్కడ పనివేళ మాట్లాడితే సూపర్‌వైజరు అరుస్తాడట. ఉపవాసమంటే ఉండగలను గానీ మౌనవ్రతం నా వల్ల కాదు. అందుకని బళ్లకి డెంటింగు, పెయింటింగు చేసే షెడ్డులో చేరాను. అక్కడ సుత్తుల మోతలో ఎంత వాగినా ఎవరికీ నష్టం లేదు.

షెడ్డు యజమానిని అందరం ఉస్తాద్ అనేవాళ్లం. రేకు పని ఆయనది. పుట్టీ పెట్టడం, గీకడం, రంగు కొట్టడం నాది. ఆయన రోజుకి పది మాటలు మాట్లాడితే గొప్ప, అవీ హిందీలో. అందులో మూడు చాయ్ గురించి. ఆయన మిగిల్చిన మాటలన్నీ నేను వాడుకునేవాణ్ణి. అలా మాకు బాగా కుదిరింది.

ఇది జరిగేనాటికి నాకు ముప్ఫై దాటాయి. రాయపూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది. ఒకరోజు పొద్దున్నే మా షెడ్డు ముందు ట్రాక్టరు ఆగింది. దాని వెనక తాడు, తాడు వెనక ఒక పాత అమెరికా పికప్పు. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనక సామాన్ల తొట్టి, ఎలుగుబంటి మూతిలాంటి బానెట్. స్టీరింగు పట్టుకుని తెల్లచీర కట్టుకున్న పెద్దావిడ కూర్చుని ఉంది. పక్కన ఒక పెద్దమనిషి రెండు చేతులతో తలుపు పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

ఆవిడ గుంటూరు వైపు క్రైస్తవుల ఇంటి మనిషి. నలభై ఏళ్లు నర్సుగా చేసి అప్పుడే రిటైరైంది. పక్కనున్నాయన ఆవిడ తమ్ముడు, రైల్వేలో గుమస్తా. రిటైరైన వాళ్లు మోకాళ్లకి నూనె రాసుకుంటారు, ఈవిడ వేలంలో పికప్పు కొంది.

"ఏం చెయ్యమంటారు సిస్టరమ్మా?" అన్నాను.

"కొత్తదానిలా చెయ్యి అబ్బాయ్."

"బండినా, సార్‌నా?"

ఆవిడ పకపకా నవ్వింది. తమ్ముడు మాత్రం కళ్లు తెరిచి, నన్ను చూసి, మళ్లీ మూసుకున్నాడు.

రాయపూర్ అవతల తిల్దా అనే ఊరు దాటాక బస్సు మొహం చూడని పల్లెలు చాలా ఉన్నాయి. ఆవిడ ఆ పల్లెల్లో కాన్పులు చేసింది, ఆ పిల్లలకి సూదులు పొడిచింది, వాళ్లకి పుట్టిన పిల్లలకీ పొడిచింది. ఇప్పుడు మందుల పెట్టె తొట్టిలో వేసుకుని వారానికోసారి తనే వెళ్లొస్తానంటుంది. "ఇన్నేళ్లూ అంబులెన్సులో వెనక కూర్చున్నాను. డ్రైవరు ఎటు తిప్పితే అటు పోయాను. ఇక నేను తిప్పుతాను," అంది.

"రెండు నెలలే అయింది స్టీరింగు పట్టుకుని," అన్నాడు తమ్ముడు మా ఉస్తాద్‌తో, రోగి ఆయువు గురించి డాక్టరుతో చెప్పినట్టు.

మూడు నెలలు పట్టింది. ఇంజను ఇంకో మిస్త్రీ చూశాడు. తుప్పు తిన్న రేకులు ఉస్తాద్ కోసి కొత్తవి అతికాడు. నేను పుట్టీ పెట్టి, తడిపిన గరుకు కాగితంతో రుద్ది, ముదురాకుపచ్చ రంగు కొట్టాను. ఎంత మెరిసిందంటే ఆ వారమంతా నేను ఆ తలుపులోనే తల దువ్వుకున్నాను. బండి తీసుకెళ్లేటప్పుడు సిస్టరమ్మ నా రెండు చేతులూ పట్టుకుంది. నేను గాల్లో తేలాను.

నాలుగో రోజు నేల మీదికి దింపేశారు. డ్రైవింగు పరీక్షకి వెళ్లి, ఆవిడ తప్పింది.

"బానెట్ వణుకుతోంది అబ్బాయ్," అంది షెడ్డుకి వచ్చి. "మెల్లగా పోతే సన్నగా వణుకు. ఇరవై దాటితే చలిజ్వరం. నా చూపు రోడ్డు మీద నిలవట్లేదు. వణికే మనిషిని చూస్తే చెయ్యి పట్టుకోవడం నాకు నలభై ఏళ్ల అలవాటు కదా. అటే చూస్తూ పోయి పరీక్ష మైదానంలో పెట్టిన డ్రమ్ముని గుద్దేశాను."

"ఇన్‌స్పెక్టరు గారు ముందు బండిని బాగుచేయించుకుని రమ్మన్నారు," అన్నాడు తమ్ముడు. "నేనైతే అసలు రావద్దంటాను. అక్కయ్యా, ఇంక చాలు."

అప్పుడావిడ మాట ఇచ్చేసింది, మా అందరి ఎదుటా. "పదిరోజుల్లో ఇంకోసారి పరీక్ష ఉంది. అదీ తప్పితే బండి తుక్కువాడికిచ్చేసి, ఇంట్లో కూర్చుని నీకు మూడుపూటలా వండి పెడతాను. సరేనా?"

మూడుపూటలా అన్న మాట తమ్ముడికి ఎంత నచ్చిందో ఆయన వేసిన గుటకే చెప్పింది. ఆవిడ మాత్రం ఆ మాట అన్నాక బానెట్ మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు అలాగే ఉంచింది. నేను జోకు వేద్దామని నోరు తెరిచి, ఏమీ దొరక్క మూసుకున్నాను. అలా జరగడం నాకు తెలిసి అదే మొదటిసారి.

మా షెడ్డులో వణుకు చూడటానికి ఒక పద్ధతి ఉండేది. ఇంజను నడుస్తుండగా బానెట్ మీద సగం గ్లాసు చాయ్ పెడతారు. చాయ్ కదలకపోతే బండి పాసు. ఉస్తాద్ పెట్టాడు. గ్లాసు నడక నేర్చిన పిల్లలా తప్పటడుగులు వేస్తూ అంచుదాకా వెళ్లి దూకేసింది. ఉస్తాద్ పగిలిన గ్లాసు వైపు కాదు, ఒలికిన చాయ్ వైపు బాధగా చూశాడు.

"నాకొదిలేయండి," అన్నాను. నా కాళ్ల హవాయి చెప్పులు విప్పి, రూపాయి బిళ్లంత ముక్కలు కోసి, బానెట్ నాలుగు మూలలా కింద ఆనేట్టు అతికించాను. నిలబెట్టిన బండిలో వణుకు సగం తగ్గింది. రోడ్డెక్కించాం. మే నెల ఎండ, కింద ఇంజను సెగ. రెండు మైళ్లు వెళ్లేసరికి చెప్పులు మెత్తబడి, రేకుకి అంటుకుపోయి, చూయింగ్ గమ్‌లా సాగాయి. బానెట్ ఎప్పటిలాగే వణికింది, కాకపోతే ఇప్పుడు కంపు కూడా కొట్టింది. నేను కాలే తారు మీద గెంతుకుంటూ షెడ్డుకి వచ్చాను.

తర్వాత ఉస్తాద్ చెయ్యి పెట్టాడు. బానెట్ తెరుచుకునే కబ్జాల మేకులు అరిగి వదులయ్యాయి, కొత్తవి వేశాడు. తాళం కొక్కెం కిందికి జరిపి బిగించాడు. బానెట్ కింద ఉన్న అడ్డపట్టీకీ రేకుకీ మధ్య అతుకు ఊడిపోతే మళ్లీ అతికాడు. ఈసారి చాయ్ గ్లాసు దూకలేదు. కానీ లోపల అలలు లేచాయి. రోడ్డు మీద ఇరవై దాటగానే క్యాబిను వైపు అంచు టకటకమంటూ మొదలెట్టింది.

"అన్నం గిన్నె," అన్నాడు ఉస్తాద్. ఆయన వాక్యాలు అలాగే ఉంటాయి, మిగతాది మనమే పూరించుకోవాలి. మూత కూర్చోవడానికి అంచు సరిగ్గా లేకపోతే ఆవిరికి కొట్టుకుంటుంది. ఈ మూతకీ కూర్చునే చోటు లేదు. రేకు మీద రేకు పడి కొట్టుకుంటోంది. మధ్యలో ఏదో ఉండాలి. ఏముండేదో ఆయనకీ అంతుపట్టలేదు, అంత పాత బండి మా షెడ్డుకి ఎన్నడూ రాలేదు.

తమ్ముడు రోజూ ఆఫీసు నుంచి ఇంటికి వెళ్తూ ఒకసారి తొంగిచూసేవాడు, ఆసుపత్రిలో ఉన్న చుట్టాన్ని పలకరించినట్టు.

"తాడుతో కట్టేస్తే సరి," అన్నాడు ఒకరోజు.

"మీరు దాని మీద కూర్చుంటే ఇంకా మంచిది సార్," అన్నాను.

"వణుకు ఆగుతుందా?"

"ఆగదు. మీకూ వస్తుంది. తోడుంటుంది కదా."

ఇంకో మూడు రోజుల్లో పరీక్ష అనగా సిస్టరమ్మ వచ్చింది. బానెట్ ఎత్తించి, కళ్లజోడు ముక్కు మీదికి లాగి, క్యాబిను ముందు అంచుని వేలితో తడమడం మొదలెట్టింది. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా వెళ్లింది. మళ్లీ వెనక్కి వచ్చింది. "ఇలా రా అబ్బాయ్. ఇవేంటి?"

నేను వంగి చూశాను. నా అద్దంలాంటి రంగు కింద చిన్న చిన్న గుంటలు. ఎండకీ ఇంజను వేడికీ లోపలి పుట్టీ కుంగి, పెసరగింజంత పల్లాలు పడ్డాయి.

"తుప్పు కన్నాలమ్మా. నేనే మూశాను. ఎంత నున్నగా మూశానంటే, అసలు..."

"తుప్పు స్కేలు పెట్టి కొలిచి తింటుందా?"

మళ్లీ వంగి చూశాను. గుంటకీ గుంటకీ మధ్య దూరం ఒక్కటే. రెండు వరసలు. పైన ఎనిమిది, కింద ఎనిమిది.

"నా జీవితంలో వేలమందికి కుట్లు వేశాను, విప్పాను," అందావిడ. "విప్పాక మచ్చలు ఇలాగే ఉంటాయి. ఇక్కడ ఏదో కుట్టి ఉండేది నాయనా."

అప్పుడు గుర్తొచ్చింది. తుప్పు గీకుతున్నప్పుడు ఆ కన్నాల్లో అక్కడక్కడ నల్లటి గుడ్డపీలికలు వేళ్లాడుతుంటే ఎలుక గూడు అనుకుని పీకి పారేశాను. పుట్టీ పెట్టేవాడికి కన్నం కనపడటం అంటే మంగలికి గడ్డం కనపడటమే. ఎందుకుందని అడగడు.

ఉస్తాద్ వచ్చి, చూసి, గోటితో ఒక గుంట గీకి, నా వైపు తిరిగాడు. "ఎవరు మూశారు?"

షెడ్డు కప్పు మీద కాకి ఉంది. నేను దాన్ని చూశాను.

"కాకి మూసిందా?" అన్నాడు ఉస్తాద్.

"నేనే," అన్నాను. ఆవిడ పరీక్ష తప్పింది బండి వల్ల కాదు, ఆవిడ వల్లా కాదు, నా నున్నటి పనితనం వల్ల. ఆ మాట కూడా చెప్పాను. తిడుతుందనుకున్నాను. ఆవిడ తలూపి, "తప్పు చోట కుట్టినవాడే విప్పాలి. అది మా పద్ధతి," అంది.

మా పద్ధతీ అదే. ఉస్తాద్ చేతి డ్రిల్లు నా చేతిలో పెట్టాడు. అద్దంలా మెరిసే నా రంగుని నా చేతులతోనే పదహారు చోట్ల పొడిచాను. ఒక్కో కన్నానికీ నా ఒంట్లో పొడిచినట్టే ఉంది.

ఇక అక్కడ కుట్టాల్సింది ఏమిటి? మందంగా, మెత్తగా, వేడికి కరగనిది కావాలి. రబ్బరు సంగతి నా పాదాలకి తెలుసు. నేను గోల్ బజార్‌కి పోయి నవారు కావాలన్నాను.

"మంచం ఎంత పొడవు?" అన్నాడు దుకాణం సేఠ్.

"మంచం కాదు, మోటారు బండికి."

"బండి పడుకుంటుందా?"

"మూడు రోజుల్లో పాసవ్వకపోతే శాశ్వతంగా పడుకుంటుంది."

గుడ్డ ఊరికే కుడితే నానుతుంది, చీకుతుంది. సిస్టరమ్మ చర్చిలో మిగిలిన కొవ్వొత్తి ముక్కలు సంచీ నిండా తెచ్చింది. డబ్బాలో కరిగించి, కాస్త గ్రీజు కలిపి, నవారు అందులో ముంచి ఆరబెట్టాం. తర్వాత ఆవిడ స్టూలు మీద కూర్చుని, గోనెసంచులు కుట్టే దబ్బనం తీసుకుని, పట్టీని ఆ అంచు పొడవునా పరిచి కుట్టడం మొదలెట్టింది. ఉస్తాద్ పక్కన నిలబడ్డాడు. ఆవిడ తలెత్తకుండా చెయ్యి చాపి "కత్తెర" అంటే కత్తెర, "పురికొస" అంటే పురికొస అందించాడు. ఆయన ఒకరి మాట వినడం నేనెప్పుడూ చూడలేదు.

"నేనేం అందించనమ్మా?" అన్నాను.

"నిశ్శబ్దం," అంది.

ఇంజను వేశాక ఉస్తాద్ చాయ్ పెట్టాడు. తొంగిచూడటానికి వచ్చిన తమ్ముడితో కలిపి నలుగురం గ్లాసు చుట్టూ మూగాం. చాయ్ మీద మీగడ కూడా కదల్లేదు. రోడ్డు మీద ఇరవై, ముప్ఫై, నలభై. బానెట్ పడుకున్న దున్నపోతులా ఉంది.

పరీక్షరోజు మేం ముగ్గురం మైదానం గట్టున నిలబడ్డాం. ఇన్‌స్పెక్టరు పక్కసీట్లో ఎక్కాడు. బండి కదిలింది. తమ్ముడి పెదాలు ఆడుతున్నాయి.

"పాసవ్వాలనా సార్, తప్పాలనా?"

"నోర్ముయ్. ప్రార్థనలో ఉన్నాను." మళ్లీ తనే కాసేపటికి, బండి మీంచి కళ్లు తిప్పకుండా అన్నాడు. "మాట ఇచ్చిన రోజు నుంచీ నాకు ముందస్తుగా మూడుపూటలా వండుతోంది. ఒక్కమాట మాట్లాడకుండా వండుతోంది. అలాంటి కూడు నేను తినలేనయ్యా."

బండి డ్రమ్ముల మధ్య నుంచి ఎనిమిది అంకెలా తిరిగింది. నేను ఒక్కో డ్రమ్ము దగ్గరా గట్టు మీదే బ్రేకు తొక్కాను. ఒకచోట గేరు కీచుమంది, ఉస్తాద్ కళ్లు మూసుకున్నాడు. కానీ ఆవిడ తల వంచలేదు, చూపు తిప్పలేదు. నేరుగా వచ్చి గీత మీద ఆపింది. ఇన్‌స్పెక్టరు దిగి, కాగితం మీద సంతకం చేసి, తర్వాతి మనిషిని పిలిచాడు.

సిస్టరమ్మ మధ్యాహ్నం దాకా ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి లైసెన్సు పుస్తకం చేతికి తీసుకుంది. నేరుగా వచ్చి పికప్పెక్కింది. మందుల పెట్టె పొద్దుటి నుంచీ తొట్టిలోనే ఉందని అప్పుడు చూశాం. తమ్ముడు అటువైపు తలుపు తీసి ఒక కాలు లోపల పెట్టాడు.

"దిగరా," అంది.

"ఒక్కదానివే తిల్దా దాకా..."

"ఒక్కదాన్నే. లేకపోతే ఇంత కష్టం ఎందుకు?"

ఆయన కాలు వెనక్కి తీసుకున్నాడు. తలుపు తనే మెల్లగా వేశాడు. బండి మలుపు తిరిగేదాకా ముగ్గురం చెవులు రిక్కించాం. బానెట్ చప్పుడు లేదు. ఉస్తాద్ పదకొండో మాట మాట్లాడాడు, "షాబాష్," అని. నాకా, నవారుకా అని నేను అడిగేలోపు చాయ్ కొట్టు వైపు నడిచాడు.

తమ్ముడు జేబురుమాలుతో మొహం తుడుచుకుని అటూ ఇటూ చూశాడు. "మరి నేను ఇంటికెలా వెళ్లాలి?"

"నా సైకిలుంది సార్, వెనక క్యారేజీ ఖాళీ," అన్నాను. "మడ్‌గార్డు కొంచెం వణుకుతుంది, అంతే."