పదకొండో నంబరు పచ్చచుక్క

మా ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. వేటకెళ్ళిన బోటు ఆలస్యమైనప్పుడు ఎవరైనా వచ్చి "వచ్చాడా?" అని అడిగితే రాలేదని చెప్పకూడదు, "వత్తన్నాడు" అనాలి. మనిషి సముద్రంలో ఉండగా 'రాలేదు' అనే మాట నోటి వెంట రాకూడదని మా నాయనమ్మ నా మూతి మీద ఒక్కటిచ్చి మరీ నేర్పింది. భీమునిపట్నంలో మా పేటలో అందరిళ్ళలోనూ ఇంతే. నేను ఇంజనీరింగ్ చదివి, విశాఖలో ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రాములు రాసే ఉద్యోగంలో చేరి, రోజూ బస్సులో వెళ్ళొస్తూ, ఇలాంటివన్నీ ఎప్పుడో వదిలేశాననుకున్నాను. వదల్లేదు. రాసిన ప్రోగ్రాములోకి కూడా మోసుకెళ్ళాను. ఆ సంగతి రాద్దామని చాలాసార్లు కూర్చుని లేచిపోయాను. ఈసారి లేవను.

మా పేట బోట్లకి నేనే ఒక ఏర్పాటు చేసిపెట్టాను. ఒక్కో బోటులో అరచేతిలో పట్టేంత పెట్టె, దానికో నంబరు. ఒడ్డున మత్స్యకారుల సంఘం గదిలో ఒక రేడియో, దానికి తీగతో కలిపిన చిన్న కంప్యూటరు, గోడకి ఒక తెర. బడిలో హాజరు పిలిచినట్టు కంప్యూటరు పది నిమిషాలకోసారి నంబర్లన్నీ పిలుస్తుంది. ఒక్కో పిలుపుకీ గదిలో రేడియో ఒకసారి కీచుమంటుంది. ఏ పెట్టెకాపెట్టె తానెక్కడుందో జవాబు చెబుతుంది. తెర మీద బోట్లు పచ్చచుక్కలుగా కనిపిస్తాయి, కావాలంటే ఫోనులోనూ చూసుకోవచ్చు. మా అన్న బోటుది పదకొండో నంబరు.

ఆ ప్రోగ్రాము రాసింది రస్ట్ అనే భాషలో. రస్ట్ అంటే తుప్పని చెప్పినప్పుడు అన్న పడీ పడీ నవ్వాడు. "ఉప్పుగాలికి ఇంజనంతా తుప్పట్టిపోయి నాను ఏడుత్తంటే, నువ్వు ఆ తుప్పుతోనే పని సేత్తన్నావా?" అన్నాడు. నవ్వితే నవ్వాడు గానీ ఆ భాషకి ఒక మంచి గుణముంది. తీగలోంచి ఏదైనా చదవమన్నా, కంప్యూటరులోని మెమరీ కార్డు మీద ఏదైనా రాయమన్నా, అది జవాబుని ఊరికే చేతిలో పెట్టదు. పొట్లం కట్టి ఇస్తుంది. విప్పితే అడిగింది ఉండొచ్చు, లేదా 'కుదరలేదు, కారణమిది' అన్న కబురుండొచ్చు. కుదరని రోజున ఏం చేస్తావో నువ్వు ముందే రాసిపెట్టాలి. పొట్లం విప్పకుండా పక్కన పెడితే ఊరుకోదు, ఇది చూడలేదేమని నసపెడుతుంది. పని నేర్చుకునే రోజుల్లో ఆ నస నాకు విసుగు. ఇప్పుడు తలుచుకుంటే, నాకు నిజం చెప్పడానికి చూసినది ఆ నస ఒక్కటే.

మొదట్లో నేను సరిగ్గానే రాశాను. జవాబు అందకపోతే ప్రోగ్రాము అక్కడికక్కడే ఆగిపోయేది. ఆ వానాకాలం తీగ కొసకి ఉప్పు పట్టి ఒక్కసారి చదవడం కుదరలేదు, తెర నల్లబడింది. నేను ఆఫీసులో ఉన్నాను. "అమ్మీ, బొమ్మ పోనాది" అని మా వదిన ఫోను. వెనకాల ఆడవాళ్ళ ఏడుపులు. బోట్లన్నీ మునిగిపోయాయనుకుని పేటంతా ఒడ్డుకి పరిగెత్తారు. నేను వెళ్ళి తీగ కొసని పాత గుడ్డతో తుడిస్తే చుక్కలన్నీ మళ్ళీ వచ్చాయి. సాయంత్రానికి బోట్లూ వచ్చాయి. కానీ ఆ ఏడుపులు నా చెవుల్లోంచి పోలేదు.

అక్కడే గదిలో నేల మీద కూర్చుని ప్రోగ్రాము మార్చాను. ఏ నంబరు నుంచైనా జవాబు రాకపోతే, అంతకుముందు చెప్పిన చోటునే మళ్ళీ చూపించమన్నాను. చుక్క పచ్చగానే ఉంటుంది, కింద గడియారం ఇప్పటి టైమే చూపిస్తుంది, ఎవరూ బెదిరిపోరు. వచ్చిన ప్రతి జవాబునీ టైముతో సహా కార్డు మీద రాసి ఉంచే ఏర్పాటు కూడా ఉండేది. అక్కడ రాయడం కుదరకపోతే ఏం చెయ్యాలన్న దగ్గర, పొట్లం విప్పకుండా అవతల పారేసే గుర్తు ఒకటి పెట్టాను. ఒక్క అడ్డగీత. భాష నస మానేసింది. ఇది తాత్కాలికం, ఆదివారం కూర్చుని సరిగ్గా రాస్తానని నాకు నేనే చెప్పుకున్నాను. తర్వాత ఎన్ని ఆదివారాలు వచ్చాయో లెక్కలేదు. బొమ్మ మాత్రం ఆగలేదు. "మా సెల్లి సేసిన బొమ్మ ఆగదంటే ఆగదు" అని అన్న కనపడిన వాడికల్లా చెప్పుకున్నాడు.

నేను చేసింది ఏమిటో అప్పుడు నాకు తెలియలేదు. 'వత్తన్నాడు' అనడం యంత్రానికి కూడా నేర్పాను.

అది కార్తీకం. తెల్లవారకముందే బోట్లు వెళ్ళాయి. అన్న బోటులో మా వదిన తమ్ముడు, పక్కింటాయన. ఏడు గంటలయ్యేసరికి ఈశాన్యం నుంచి గాలి లేచింది, వెనక్కి రమ్మని హెచ్చరిక వచ్చింది. తొమ్మిదిన్నరకల్లా మిగతా బోట్లన్నీ ఒడ్డెక్కాయి. పదకొండో నంబరు ఒక్కటే రాలేదు.

నేను బస్సులో ఉండగా వదిన ఫోను చేసి బొమ్మలో ఉన్నాడా అని అడిగింది. ఫోనులో చూశాను. చుక్క పచ్చగా, ఒడ్డుకి దగ్గర్లోనే ఉంది. "ఉన్నాడొదినా, వత్తన్నాడు" అన్నాను. పదిన్నరకి మళ్ళీ చేసింది. మళ్ళీ చూశాను, మళ్ళీ అదే మాట అన్నాను. అన్న ఫోను కలవడం లేదట. నీళ్ళ మీద ఫోను ఎప్పుడు కలిసింది గనక అన్నాను. పన్నెండింటికి మూడోసారి చేసింది. నేను క్యారేజీ విప్పుకుంటున్నాను. ఒక చేత్తో మూత తీస్తూ, రెండో చేత్తో ఫోను చూస్తూ, "అదిగో, ఉన్నాడు, వత్తన్నాడు" అన్నాను.

ఫోను పెట్టేశాక ఎందుకో చుక్కని నొక్కి అంకెలు చూశాను. పొద్దున బస్సులో చూసిన అంకెలే. చివరి అంకె కూడా మారలేదు. లంగరు వేసిన బోటైనా నీటి మీద అటూ ఇటూ ఊగుతుంది, చివరి అంకెలు మారుతూనే ఉంటాయి. ఒడ్డున ఇసకలో కట్టేసిన బోట్లకి తప్ప అంకెలు అలా మారకుండా ఉండవు. అన్నం మెతుకు ముట్టలేదు. చుక్క అక్కడుందంటే అన్న అక్కడున్నాడని కాదని, జవాబు రావడం మానేసిందని, ఎప్పుడు మానేసిందో ఎవరికీ తెలియదని, ఆ రాత రాసింది నేనేనని, ఇవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఫోను చేసి బోట్లు పంపమని అరిచాను. ఎందుకంటే ఏం చెప్పానో గుర్తులేదు. ఆటో పట్టుకుని ఇంటికి బయల్దేరాను. ఆ దారి పొడుగునా కుడిపక్క కనిపిస్తూనే ఉన్న సముద్రం వైపు చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు.

నేను వెళ్ళేసరికి మా బోట్లు మూడు ఆ చుక్క ఉన్న చోటుకి వెళ్ళి చూశాయి. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. కోస్ట్‌గార్డు గస్తీ ఓడ వాళ్ళు ఫోనులో ఒకటే అడుగుతున్నారు, ఆ చోట చివరిసారి ఎన్ని గంటలకి ఉన్నాడని. మా పెదనాన్న కూడా అదే అడిగాడు. యాభై ఏళ్ళు వేట చేసిన మనిషి. ఏ గాలికి, ఏ నీటివాలుకి బోటు ఎంత దూరం కొట్టుకుపోతుందో ఆయనకి చేతి వేళ్ళ మీద తెలుసు. "ఆ సోట ఎప్పుడున్నాడో టైం సెప్పమ్మా. మిగిలింది నాను సెప్తాను" అన్నాడు.

ఆ టైము కార్డు మీద ఉండాలి. కార్డు తీసి నా ల్యాప్‌టాప్‌లో పెట్టాను. చివరి వరస నాలుగు నెలల కిందటిది. ఉప్పుగాలికి కార్డు ఎప్పుడో చెడిపోయింది. చదవనిస్తుంది, రాయనివ్వదు. నాలుగు నెలలుగా పది నిమిషాలకోసారి అది రాయలేనని చెబుతూనే ఉంది, నా ప్రోగ్రాము ఆ పొట్లాన్ని విప్పకుండా పారేస్తూనే ఉంది. కంప్యూటరులో అటూ ఇటూ వెతికాను, ఇంకెక్కడైనా ఒక్క వరస మిగిలుందేమోనని. పాత చోటు మీదే పది నిమిషాలకోసారి కొత్త టైము వేయించుకుంటూ పోయాను కదా, అసలు టైము ఇంకెక్కడ మిగులుతుంది. నా నెత్తి నేనే కొట్టుకున్నాను. దేవుళ్ళ పేర్లు కూడా గుర్తురాలేదు నాకు.

గుమ్మంలో వదిన నిలబడుంది. నా మొహమే చూస్తోంది. లేచి ఆమెకి చెప్పాను.

"ఆ చుక్క అబద్ధం, వదినా. అన్న ఎక్కడున్నాడో నాకు తెలీదు. అన్న రాలేదు."

వెనక నుంచి ఎవరో ముసలామె అనకే, అనకే అని నా భుజం గుంజింది. వదిన ఏడవలేదు. గుమ్మం పట్టుకుని అలాగే నిలబడి చెప్పింది.

"పొయ్యి ఎలిగించినప్పుడు సూసినాను, కదులుతన్నాది. పిల్లలకి సద్దన్నం పెట్టినప్పుడు సూసినాను, కదల్నేదు. ఇస్కూలు ఆటో వచ్చినప్పుడు మళ్ళీ సూసినాను. అనకూడదు గదా అని ఊరుకున్నాను."

అందుకే మూడుసార్లు ఫోను చేసింది. కదలడం లేదని నోటితో అనలేక, ఉన్నాడా అని అడిగింది. నేనేమో మూడుసార్లూ వస్తున్నాడన్నాను.

చద్దన్నం పెట్టింది ఆరున్నరకి. పెదనాన్న కళ్ళు మూసుకుని వేళ్ళు మడిచాడు. కార్తీకంలో నీరు దక్షిణానికి లాగుతుంది, వెనక గాలి కూడా తోస్తోంది. ఈపాటికి విశాఖ దాటి యారాడ కొండ ఎదురుగా ఉంటాడన్నాడు. యారాడలో మా చుట్టాలకి ఫోను చేస్తే, అంత కెరటాల్లోనూ రెండు బోట్లు దింపారు. పొద్దు వాలకముందే కబురొచ్చింది. ఆయన చెప్పిన చోటుకి కాస్త అటుగా, తిరగబడిన బోటు. దాన్ని పట్టుకుని ఇద్దరు మనుషులు. వదిన తమ్ముడు, పక్కింటాయన.

అన్న లేడు. ఆ తర్వాత కూడా దొరకలేదు.

వదిన తమ్ముడు ఆసుపత్రిలో చెప్పాడు. తెల్లారుతూనే ఒక కెరటం బోటులోకి వచ్చి బ్యాటరీ తడిసిపోయిందట. ఇంజను ఆగింది, పెట్టె ఆగింది. పది దాటాక బోటు తిరగబడింది. ముగ్గురూ అడుగుచెక్క పట్టుకుని వేలాడారు.

"బావ సూరీడు నడినెత్తికొచ్చీదాకా పట్టుకునే ఉన్నాడు" అన్నాడతను నా వైపు చూడకుండా. "సెల్లి బొమ్మలో సూసుంటాది, పెట్టె పలకనేదని తెలిసిపోయుంటాది, బోటు పంపుతాది అని మాకు ధైర్యం సెప్తానే ఉన్నాడు."

సూర్యుడు నడినెత్తికి వచ్చినప్పుడు నేను క్యారేజీ మూత తీస్తున్నాను.

విధి అన్నారు చాలామంది. నన్ను ఓదార్చడానికే అన్నారని తెలుసు. అయినా వాళ్ళ మీద మండిపడ్డాను, ఒకాయన్ని ఇంట్లోంచి పొమ్మన్నాను కూడా. విధి ఏమిటి విధి, ఒక అడ్డగీత. అది కొట్టిన వేలు నా చేతికే ఉంది.

ప్రోగ్రాము మళ్ళీ రాశాను. ఇప్పుడు ప్రతి పొట్లమూ విప్పుతుంది. ఒకసారి జవాబు రాకపోతే చుక్క పసుపు రంగుకి మారుతుంది, రెండోసారీ రాకపోతే ఎర్రగా మారి పేటంతా వినపడేలా సైరన్ మోగుతుంది. పక్కన ఆఖరి కబురు నిజంగా ఎప్పుడొచ్చిందో ఆ టైము ఉంటుంది. కార్డు రాయనంటే అదీ అరుస్తుంది. అంతా కలిపి రెండు రోజుల పని. రెండే రెండు ఆదివారాలు.

కొత్త ప్రోగ్రాము పెట్టిన మొదటి వారమే ఇబ్బంది వచ్చింది. నంబర్ల జాబితాలో పదకొండు ఇంకా ఉంది. కంప్యూటరు పది నిమిషాలకోసారి దాన్ని పిలుస్తుంది, జవాబు రాదు. తెర మీద ఆ వరస ఎర్రగా 'పదకొండు: కబురు లేదు' అని పడుతుంది. దానికి సైరన్ ఆపేశాను గానీ వరస అలాగే ఉంది. దాన్ని తీసేద్దామని ఒక మధ్యాహ్నం సంఘం గదిలో కూర్చున్నాను. చిన్న పని, ఒక్క అంకె చెరిపితే చాలు. వెనక నుంచి వదిన వచ్చి నా పక్కన కూర్చుంది. ఏం చేస్తున్నానో చెప్పాను. నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"తియ్యకమ్మీ" అంది. "నేదంటే నేదని సెప్పనీ. ఆ రోజు మనిద్దరం సెప్పనేదు."

నేను తీయలేదు. పది నిమిషాలయ్యాక కంప్యూటరు మళ్ళీ నంబర్లు పిలవడం మొదలుపెట్టింది. మేమిద్దరం అక్కడే కూర్చుని పదకొండు దాకా విన్నాం.