మామ బండి కాగిన రోజు

మామ పేరుతో ఫోను మోగింది. ఎత్తగానే, "యాడుండావు మామా, కాయలు ఎక్కించినారా?" అన్నాను. అవతల ఎవరిదో కొత్త గొంతు. పులివెందుల మార్కెట్టులో కాయలు ఎత్తే మనిషట. "పాపా, మీ మామ బండి పక్కన ఉన్నట్టుండి కూలబడినాడు. ఆస్పత్రికి తెచ్చేలోపలే ప్రాణం పోయిందంటమ్మా," అన్నాడు. నేను, "మరి కాయలు?" అని అడిగాను. ఆ మాట నా నోట ఎట్లా వచ్చిందో ఇప్పటికీ తెలియదు. ఆ మనిషి కూడా పాపం, "కాయలు బండిలోనే ఉండాయి," అని జవాబు చెప్పాడు.

మామ అంటే మా అమ్మ తమ్ముడు. ప్రొద్దుటూరులో నాది చీనీకాయల అంగడి, అదే బత్తాయిలు. పులివెందుల నుంచి కాయలు తెచ్చేది మామే, తన పికప్ బండిలో. జలుబు చేసిందని కూడా ఒక పూట పడుకోని మనిషి. ఆ రోజు పొద్దున బయలుదేరేముందు అంగడి ముందు బండి ఆపి, "ఎండలు ముదిరినాయి, కాయలకు తడిగోనె కప్పు," అని నాకు చెప్పి పోయాడు. మధ్యాహ్నానికి లేడంటే ఎవరైనా ఎట్లా నమ్ముతారు? గోనె ఇంకా తడిగానే ఉంది.

మాది చర్చికి పోయే కుటుంబం. మామ రోజూ బండి తీసేముందు బానెట్ మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవాడు. ఆమేన్ అనగానే బానెట్ ఎత్తి నీళ్ళు చూసేవాడు. ఒకసారి నేను ఎగతాళి చేశాను. "ప్రార్థన చేసినావు గదా, ఇంకా నీళ్ళెందుకు చూస్తాండావు?" అన్నాను. "ప్రార్థన చేసినాం గదా అని నీళ్ళు చూడకుండా పోతే దేవుడే తిడతాడు పాపా," అన్నాడు.

నాకు బండి తోలడం నేర్పింది ఆయనే. ఆడపిల్లకు పికప్ ఎందుకని మా వాళ్ళంతా నోళ్ళు నొక్కుకుంటే, "దానికి అంగడి ఉండాది, కాయలు ఉండాయి, చేతులు ఉండాయి. ఇంకేం కావాల?" అని అందరి నోళ్ళూ మూయించాడు. స్టీరింగు ఒక్కరోజులో నా చేతికి ఇచ్చాడు కానీ, బండి కాగితే ఏం చేయాలన్నది మాత్రం నెలల తరబడి నా చెవిలో పోరుతూనే ఉన్నాడు. మా వైపు ఎండల్లో బండి కాగడం మామూలే. కాగిన బండిని అట్లాగే తోలితే ఇంజను పట్టేస్తుంది. పట్టేసిన ఇంజనుతో బండి ఇనుప సామానుకు తప్ప పనికిరాదు. అందుకే ఆయన మొదటి పాఠం, "ముందు దిగు. భయపడేది తర్వాత పడుదువు."

ముద్దనూరు దాటిన తర్వాత ఒకసారి అరటిగెలల లోడుతో మా బండి కాగింది. నాకు చెమటలు పట్టాయి. మామ దిగి, రోడ్డు పక్క రాయి మీద కూర్చుని, జేబులోంచి వేయించిన శెనక్కాయలు తీసి వలుచుకుంటూ నన్ను ప్రశ్నలు అడిగాడు. "మెల్లగా పోయేటప్పుడు కాగిందా, జోరుగా పోయేటప్పుడు కాగిందా?" మెల్లగా పోయేటప్పుడే అన్నాను. "అట్లయితే ఫ్యాను చూడు. మెల్లగా పోయేటప్పుడు గాలిని ఫ్యానే లాగల్ల. జోరుగా పోయేటప్పుడు కాగితే ఫ్యాను జోలికి పోవద్దు. నీళ్ళు తిరుగుతాండాయా, గాలి తగులుతాందా, అంతే." చూస్తే ఫ్యాను బెల్టు వదులైంది. బిగించుకుని ఇంటికి వచ్చాం. అంతసేపూ ఆయన రాయి మీది నుంచి లేస్తే ఒట్టు. నా చేతులకే మసి అంతా.

కోపం కూడా గట్టిదే. గండికోట చూడ్డానికి వచ్చినవాళ్ళు దారిలో పొగలు కక్కే కారు మీద బిందెలతో నీళ్ళు పోస్తుంటే మా బండి ఆపి పరిగెత్తాడు. "కాగిన పెనం మీద నీళ్ళు పోస్తే ఏమవుతాదో మీ ఇండ్లల్లో అడగండప్పా!" అని అరిచాడు. అరిచినవాడే అది చల్లారేదాకా వాళ్ళ పిల్లలకు మా కాయలు వలిచి పెట్టాడు. కాయలు నావి, మంచి పేరు ఆయనది. ఆ సంగతి అంటే పకపకా నవ్వేవాడు.

ఇక బండి కాగిన రోజు సంగతి. మామ పోయిన మరుసటి రోజు అది, ఆయన్నీ బండినీ రాత్రికే ప్రొద్దుటూరు తెచ్చారు. మా పెద్దలను పెట్టిన చోటు మైలవరం దగ్గర ఊర్లో ఉంది. మామను అక్కడికి తీసుకుపోవాలి. చల్లపెట్టె ఉన్న వ్యాను మాట్లాడతామన్నారు చుట్టాలు. అత్త ఒప్పుకోలేదు. అంతవరకూ గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి లేచి నిలబడి, "ఆయప్ప బండిలోనే పోవల్ల. మన్ను దాకా అదే తీసుకపోవల్ల. పాప తోలుతాది," అంది. మగవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి బండి తాళాలు నా చేతిలో పెట్టారు.

బండిని పూలతో కట్టారు. అత్త తమ్ముడు పెద్ద ఫ్లెక్సీ వేయించుకొచ్చాడు. మా జిల్లాలో ఫ్లెక్సీ లేకుండా పుట్టడమూ కుదరదు, పోవడమూ కుదరదు. మామ నవ్వు ముఖం, పైన శిలువ, తెల్ల పావురం, కింద చుట్టాలందరి ఫొటోలు. నాది కూడా ఉంది, ఎక్కడ దొరికిందో. దాన్ని బండి ముందున్న ఇనుప గార్డుకు ఈ దీపం నుంచి ఆ దీపం దాకా బిగించి కట్టారు. చూసి అందరం ఏడ్చాం.

ప్రొద్దుటూరు వీధుల్లో పాడుకుంటూ నడిచేవాళ్ళ వెనక మెల్లగా తోలినంతసేపూ బండి బాగానే ఉంది. ఊరు దాటాక జోరు పెంచాను. పొద్దు ఉండగానే సమాధి చేయాలని పాస్టరుగారు చెప్పారు. జమ్మలమడుగు ఇంకా రాకముందే ఇంజను వేడి చూపే సూది పైకి లేచింది. చూస్తుండగానే ఎర్రగీత దగ్గరికి పోయింది. పక్కకు తీసి ఆపాను. పక్కన అత్త, వెనక పెట్టెలో మామ.

అత్త తమ్ముడు వెనక బండి దిగి పరిగెత్తుకొచ్చాడు. "ఇంక రొంత దూరమే గదామ్మే, తోలుకోనిపో," అన్నాడు.

"తోలితే ఇంజను పట్టేస్తాది," అన్నాను.

"అట్లయితే వేరే బండి పిలుస్తా. పెట్టె దాంట్లోకి మారుద్దాం. పొద్దు పోతాంది."

అత్త తలుపు తీసుకుని దిగింది. "నడిరోడ్డు మీద ఆయప్పను దించుతారా? దిక్కులేని మనిషా?" అంది. అతను ఫోను చేతిలో పట్టుకుని, "కొంచెంసేపు చూస్తా. బాగుకాకపోతే పిలుస్తా," అని పక్కకు పోయాడు.

బానెట్ ఎత్తాను. రాయి మీద కూర్చుని అడిగే మనిషి లేడు. నాకు నేనే ప్రశ్నలు వేసుకున్నాను. జోరుగా పోయేటప్పుడే కాగింది. అంటే నీళ్ళో, గాలో. రేడియేటరు మూత ముట్టుకోలేదు, కాగినప్పుడు తీస్తే మరిగే నీళ్ళు ముఖాన చిమ్ముతాయి. పక్కన సీసాలో నీళ్ళు గీత దాకా ఉన్నాయి. ఆ నీళ్ళు మామ చివరి ప్రార్థన తర్వాత ఆయన చేత్తో పోసినవే. అది తట్టగానే కళ్ళు మసకబారాయి, తుడుచుకుని మళ్ళీ చూశాను. బండి కింద నేల పొడిగా ఉంది, కారడం లేదు. బెల్టు బిగువుగా ఉంది. పై పైపు దగ్గర చెయ్యి పెడితే సెగ. కింది పైపు దగ్గర పెట్టినా అదే సెగ. నీళ్ళు తిరుగుతున్నాయి, కానీ చల్లారడం లేదు. మిగిలింది గాలి. గాలి ఎక్కడి నుంచి రావాలి? ముందు నుంచి.

ముందుకు వచ్చి నిలబడ్డాను. ఎదురుగా మామ నవ్వుతున్నాడు. గాలి రావలసిన జాలీ అంతా ఆయన ముఖమే కప్పేసి ఉంది. ఇంతమందిమి ఉన్నాం, మూడోవంతు మంది బండ్లు తోలేవాళ్ళమే, ఒక్కరికీ తట్టలేదు. బతికుంటే మమ్మల్నందరినీ వరసబెట్టి తిట్టి ఉండేవాడు.

"ఫ్లెక్సీ ఇప్పాల," అన్నాను.

అత్త తమ్ముడి ముఖం ఎర్రబడింది. "ఏం మాట్లాడతాండావు? మైలవరం కాడ అందరూ ఆయప్ప ముఖం చూడల్లని ఎదురు చూస్తాంటే, ఫొటో పీకేస్తావా? శవం ఉన్న బండికి కట్టిన ఫొటో ఊడదీస్తే ఎంత తప్పు!" చుట్టూ చేరినవాళ్ళలో కూడా అదే గుసగుస. నిజం చెప్పాలంటే నాకూ చేతులు రాలేదు. కారణం తెలిసింది, ముడి మీద చెయ్యి వేయలేకపోయాను.

అత్త వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. తానే వంగి ఒక్కొక్క ముడీ విప్పింది. ఆఖరి ముడి ఊడగానే ఫ్లెక్సీ ఆమె మీదికి వాలింది. రెండు చేతులా పట్టుకుంది. పట్టుకున్నది అట్లాగే నిలిచిపోయింది. ఇంజను సెగంతా దానికి పట్టింది. మామ బుగ్గ మీద తన చెయ్యి పెట్టి నా వైపు తిరిగింది. ముందు రోజు నుంచి ఆమె కంట నీటిచుక్క లేదు. అప్పుడు ఏడ్చింది. "పాపా, వెచ్చగా ఉండాడమ్మే," అంది.

బండి చల్లారేదాకా ఆగాం. మళ్ళీ తీశాం. జమ్మలమడుగు దాటాం, సూది సగం దగ్గరే నిలబడింది. పొద్దు ఉండగానే మైలవరం చేరాం, మామ తన బండి దిగకుండానే వచ్చాడు. దారి పొడుగునా అత్త ఆ ఫ్లెక్సీని మడిచి రొమ్ముకు అదుముకునే కూర్చుంది. సమాధుల దగ్గర బండి ఆపి, దిగడానికి సాయం చేద్దామని ఆమె చేతుల్లోంచి దాన్ని అందుకున్నాను.

అది కూడా చల్లబడిపోయింది.